లెక్కపెట్టి ఇచ్చిన కరెంటు

నేను సంతకం పెట్టిన ఒక కాగితం చూసి మా బాబాయిని కామ్‌చోర్ అన్నారు. పనిదొంగ అని. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. అన్నవాళ్ల మీద ఎంత కోపమో, నా మీద అంతకు రెండింతలు. ఆ కోపం చల్లారిపోకూడదనే ఇది రాస్తున్నాను.

బాబాయి అంటే రక్తసంబంధం కాదు. శ్రీకాకుళం దగ్గర పక్కపక్క ఊళ్ల నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న భిలాయి వచ్చి, మా నాన్నా ఆయనా ఒకే గ్యాంగులో కళాసీలుగా పనిచేశారు. క్రేను చేరని చోట ఇనుప దూలాల్ని గొలుసులతో, చేతులతో, భుజాలతో జరిపేవాళ్లు కళాసీలు. క్యాంప్ 2 బస్తీలో మా ఇంటికీ వాళ్లింటికీ గోడ ఒక్కటే. నేను ఫిజియోథెరపీ చదువుతానంటే మా నాన్న మొహం ముడుచుకుని "కాళ్లు నొక్కీ పనికి ఇంత సదువేటి?" అన్నాడు. "నొక్కితే ఏటి తప్పు? మన కాళ్లకి కావలసింది అదే గదా" అని నా పక్కన నిలబడింది బాబాయే. నాన్న పోయాక నాకు పెద్దదిక్కు కూడా ఆయనే. అలాంటి మనిషికి నేను పెట్టిన పేరు పనిదొంగ.

ఆయన ఇప్పుడు ఊరి పక్క ఫ్యాక్టరీల పేట హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో పని చేస్తాడు. పోయినేడాది అక్కడ ఒక షాఫ్టు జారి, దాన్ని ఆపబోయి ఎడమ మోకాలు మెలిపడింది. ఎముక విరగలేదు. కానీ నెలలు గడిచినా వాపు పూర్తిగా దిగలేదు, నిచ్చెన రెండు మెట్లెక్కితే కాలు పట్టు తప్పేది. కొన్నాళ్లు కింద ఉండి చేసే తేలికపని ఇమ్మని అడిగాడు. షాపు యజమాని మనవాడే, విజయనగరం వైపు. మనవాడు కాబట్టి దయ ఎక్కువ ఉంటుందనుకుంటే పొరపాటు. "ఎక్స్‌రేలో ఏటీ లేదంటున్నారు. మిషను చెప్తే నమ్ముతాను" అని, నేను పనిచేసే రిహాబ్ సెంటర్‌కి చీటీ రాసి పంపాడు. కాలు నిజంగా బాగులేదని మిషను చెబితే తేలికపని. నటిస్తున్నాడని చెబితే గేట్ పాస్ లాగేసుకుని పనిలోంచి తీసెయ్యడం. సంగతి అంతే.

ఆ మిషను గురించి చెప్పాలి. అదొక కుర్చీ. మనిషిని మోకాళ్లు వంచి కూర్చోబెట్టి, నడుముకీ ఛాతీకీ బెల్టులు వేసి, చీలమండ పైన ఒక పట్టీ కడతాం. కాలు ముందుకు తన్నితే ఎంత బలం పడిందో కంప్యూటర్ తెర మీద గీతగా లేస్తుంది. తొడ మీద రెండు ప్యాడ్లు అతికిస్తాం. మనిషి శక్తంతా పెట్టి తన్నుతున్నప్పుడు ఆ ప్యాడ్ల ద్వారా ఒక్క క్షణం కరెంటు దెబ్బ ఇస్తాం. కండలో ఉన్న బలమంతా అప్పటికే వాడేసి ఉంటే ఆ దెబ్బకి గీత పెద్దగా కదలదు, నిండిన బిందెలో చెంబుడు నీళ్లు పోసినట్టు. ఇంకా బలం మిగిలి ఉంటే గీత పైకి గెంతుతుంది. తర్వాత కాలు వదులుగా పెట్టించి మళ్లీ అదే దెబ్బ ఇచ్చి, ఈ రెండు గెంతులనీ పోల్చి, కండలో నూటికి ఎంత భాగం మనిషి తనంతట తాను వాడాడో కంప్యూటర్ అంకె ఇస్తుంది.

మంచి పరీక్షే. దాని మీద నాకు పగ లేదు. పగంతా దాన్ని నేను చేసిన పద్ధతి మీదే.

ఆ రోజు బయట బెంచీ మీద ఏడుగురు కూర్చుని ఉన్నారు. భోజనాల వేళకి అందరినీ అవగొట్టమని సెంటర్ నడిపే డాక్టర్‌గారు రెండుసార్లు తలుపు తోసి చెప్పారు. బాబాయి లుంగీ మార్చి నిక్కరు వేసుకుని, సిగ్గుపడుతూ కుర్చీలో కూర్చున్నాడు. ప్యాడ్లు చూసి "కరెంటేనా?" అన్నాడు. "చిన్నదే బాబాయ్, చీమ కుట్టినట్టు" అన్నాను. అబద్ధం. అది చీమ కాదు, గట్టిగానే కొడుతుంది. ఆయన భయపడకూడదని ఇంకో మేలు కూడా చేశాననుకున్నాను. దెబ్బ ఎప్పుడు పడుతుందో ప్రతిసారీ ముందే లెక్కపెట్టి చెప్పాను. "తన్ను బాబాయ్. ఒకటి, రెండు, మూడు." మూడుకి మీట నొక్కాను. అలా మూడుసార్లు. ముందు ఒకసారి అలవాటు చేయించడం లేదు, మధ్యలో సరైన విశ్రాంతి లేదు. తెర వైపు కూడా సరిగా చూడలేదు. కంప్యూటర్ నూటికి అరవై ఒకటి అంది. కింద దానంతటదే ఒక వాక్యం అచ్చయింది: రోగి పూర్తి ప్రయత్నం చేయలేదు. నేను సంతకం పెట్టి తర్వాతివాళ్లని పిలిచాను.

మూడో రోజు తెలిసింది. యజమాని ఆ కాగితాన్ని షాపులో పదిమంది ముందు చదివి, "సూశారా, మిషను అబద్ధమాడదు, ఈయనగారు కామ్‌చోర్" అన్నాడట. గేట్ పాస్ తీసేసుకున్నాడట. ఆ షాపులో ఏ పెద్ద బరువు కదలాలన్నా ముందు గొంతు ఎత్తి "జోర్ లగాకే" అని కేక వేసేది బాబాయే. మిగతా అందరూ "హైసా" అని ఒక్కసారి బలం పెట్టేది ఆయన కేకకే. అలాంటి మనిషి ఆ రోజు తలదించుకుని బయటికి నడిచాడట.

ఆదివారం పొద్దున్నే క్యాంప్ 2 వెళ్లాను. తలుపు తీసింది పిన్ని. ఆవిడ ఎప్పుడూ నన్ను బుగ్గ గిల్లి లోపలికి లాగుతుంది. ఆ రోజు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రా, రా. కామ్‌చోర్‌గారి ఇల్లు ఇదే. ఇంకేటైనా రాయడానికొచ్చినావా?"

లోపలి నుంచి బాబాయి "రానీవే, పాప తప్పు ఏటుంది? మిషను సెప్పింది ఆ పిల్ల రాసింది" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన వెనకేసుకొచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది.

ఆయన కిటికీ దగ్గర పాత కూలర్ ముందు పీట వేసుకుని, దెబ్బకాలు చాపి కూర్చున్నాడు. నీళ్ల పంపు తిరగడం లేదట. స్విచ్చి వేయించి, కూలర్ రేకు మీద చెయ్యి పెట్టబోయాడు. అరచేయి కాదు. వేళ్లు లోపలికి మడిచి, చేతి వెనక భాగాన్ని రేకుకి ఇలా తాకించి అలా తీసేశాడు. తీసేటప్పుడు చెయ్యి ఒక్కటే కాదు, భుజం, మెడ, చాపిన కాలు కూడా మెత్తగా వదులైపోయాయి.

"అలా ఎందుకు ముట్టుకుంటావు బాబాయ్?"

"రేకులో కరెంటుందేమోనని. అరసేత్తో ముట్టుకుంటే సెయ్యి ముడుసుకుని దాన్నే పట్టీసుకుంటాది, ఇంక వొదల్దు. ఎనక్కి తిప్పి ముట్టుకుంటే అదే ఇవతలకి లాగీస్తాది." ఇంకోసారి తాకించి చూపించాడు. "మా గ్యాంగులో మొదట నేర్పింది ఇదే. కరెంటు వొస్తాదని తెలిస్తే ఒళ్లు వొగ్గీయాలి. బిగబట్టినోడు అంటుకుపోతాడు. అలా అంటుకుపోయినోళ్లని నా కళ్లతో సూశాను పాపా."

నేను అక్కడే గచ్చు మీద చతికిలబడ్డాను. అడగడానికి భయపడుతూనే అడిగాను.

"బాబాయ్, ఆ రోజు కుర్చీలో నేను మూడు అన్నప్పుడు ఏం చేశావు?"

"వొగ్గీశాను." వదిలేశానని అంత మామూలుగా చెప్పాడు. "నువ్వు మంచిదానివి కాబట్టి ముందే లెక్కెట్టి సెప్పినావు. రెండు అనీవరకు బలంగా తన్నీవోణ్ణి, మూడుకి ఒళ్లు వొగ్గీసీవోణ్ణి. అలా సెయ్యకూడదేటి?"

పిన్ని వంటింటి గుమ్మంలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి అలా సెయ్యొద్దని ముందే సెప్పకూడదేటే?" అంది నాతో.

సోమవారం అందరికంటే ముందు సెంటర్‌కి వెళ్లి ఆ రికార్డు తెరిచాను. అంకె కాదు, గీత. మూడుసార్లూ ఒకటే కథ. గీత పైకి ఎక్కుతుంది, నిలబడబోతుంది, దెబ్బ పడడానికి రెప్పపాటు ముందు కిందికి జారుతుంది. జారిన తర్వాత దెబ్బ పడుతుంది కాబట్టి గెంతు పెద్దదవుతుంది. గెంతు పెద్దదైతే మనిషి బలం దాచుకున్నట్టు కంప్యూటర్ లెక్క కడుతుంది. కళ్లున్న ఎవరికైనా కనిపించే సంగతి. నాకు కళ్లున్నాయి, చూడలేదు.

ఇంకొకటి కూడా కనిపించింది. ఆయన బలం ఒక్కసారిగా రాదు, నెమ్మదిగా ఎక్కుతుంది. కళాసీ ఎప్పుడూ అంతే. గొలుసు బిగిసిందా, అందరూ పట్టుకున్నారా చూసుకుంటూ కొంచెం కొంచెం బరువు తీసుకుని, కేక పడ్డాకే పూర్తి బలం పెడతాడు. కేకకి ముందే బలం పెట్టేసేవాడు పక్కవాడి వేళ్లు నలిపేస్తాడు. నా గదిలో కేక లేదు. ఏసీ చప్పుడులో నేను మెల్లగా ఒకటి రెండు మూడు అన్నాను, అంతే.

డాక్టర్‌గారి దగ్గరికి వెళ్లి, షాపులో జరిగింది చెప్పి, గీతలు చూపించాను. ఈ రిపోర్టు తప్పు, వెనక్కి తీసుకోవాలి, మళ్లీ పరీక్ష చేయాలి అన్నాను.

"ఇచ్చేసిన రిపోర్టు వెనక్కి తీసుకుంటే రేపు మన మాట ఎవరు నమ్ముతారు?" అన్నారాయన.

"ఈ రోజు నమ్మినవాళ్లు ఏం చేశారో చూశారు కదా సర్."

"ఆ షాపు నుంచి మనకి చాలామంది వస్తారు. నీకు తెలుసు. తప్పు జరిగిందంటే అది నీ తప్పే అవుతుంది, మిషనుది కాదు. సంతకం నీది."

"అదే రాస్తాను. సంతకం నాది, తప్పు నాది అని."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సెంటర్ సమయంలో వద్దు, సెంటర్ కాగితం మీద వద్దు అన్నారు. భోజనాల విరామంలో తాళం నా దగ్గరే ఉంటుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మొగుడు లేని ఆడదానికి ఇంత మొండితనం ఎందుకని ఆయన పక్కగదిలో ఎవరితోనో అనడం వినబడింది. మొండితనానికి మొగుడెందుకో నాకర్థం కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం బాబాయి ఆటోలో వచ్చాడు. మొదటి రోజు కొలత అనే మాటే ఎత్తనని ముందే చెప్పాను. ప్యాడ్లు అతికించి, చిన్న కరెంటుతో మొదలుపెట్టి, ఆయన సరే అన్నాకే ఒక్కో మెట్టూ పెంచాను. కరెంటు ఇంకా పెంచినా కాలు ఇక అంతకంటే గట్టిగా ఎగరని చోటు దాకా వెళ్లాలి. అది దాటకుండా కొలిస్తే కొలత కాదు. మొదటిసారి అక్కడిదాకా వెళ్లనే లేదు, జాలి పేరుతో సగంలో ఆపేశాను. ఈసారి చీమ కుట్టినట్టు అనలేదు. గట్టిగా కొడుతుంది, కానీ అంటుకోదు, పట్టుకోదు, రెప్పపాటులో పోతుంది, కాలు వదలకు అన్నాను.

ఆయన నమ్మినట్టు తలూపాడు గానీ నమ్మలేదు. తర్వాత నావైపు చూసి "నీకెప్పుడైనా కొట్టిందా ఇది?" అన్నాడు.

చదువుకునేటప్పుడు ఒకసారి. ఇన్నేళ్లుగా ఎందరికో ఇచ్చాను, నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

బాబాయిని లేపి నేను కూర్చున్నాను. బెల్టులు బిగించుకుని, ప్యాడ్లు పెట్టుకుని, నాకు సరిపడే కరెంటు నేనే పెట్టి, మీట ఆయన చేతికిచ్చాను. "నేను నీకు చేసినట్టే చెయ్యి. లెక్కపెట్టు, మూడుకి నొక్కు." ఆయన నవ్వుకుంటూ ఒకటి రెండు మూడు అన్నాడు. వదలకూడదని నాకు తెలుసు. ఎందుకు వదలకూడదో కూడా తెలుసు. మోకాలు మంచిది, వాపు లేదు, నొప్పి లేదు. పళ్లు బిగబట్టి తన్నాను. మూడుసార్లు అయ్యాక తెర చూసుకుంటే, మూడుసార్లూ నా గీత దెబ్బకి ముందే జారిపోయి ఉంది. నూటికి యాభై నాలుగు. బాబాయి వంగి ఆ అంకె చదివి, కుర్చీ వీపు పట్టుకుని కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఆ కాగితం అచ్చువేసి సంచిలో పెట్టుకున్నాను.

రెండు రోజుల తర్వాత అసలు కొలత. తొడ కదలకుండా, పిరుదు లేవకుండా బెల్టులు నేనే బిగించాను. తెర ఆయన వైపు తిప్పాను, తన గీత తాను చూసుకోవాలి కదా. ఒక్కో తన్నుకీ మధ్య తీరిగ్గా కూర్చోబెట్టాను. దెబ్బ ఎప్పుడు పడుతుందో చెప్పలేదు. కొన్ని తన్నులకి అసలు కరెంటే ఇవ్వలేదు, ఎదురుచూసి ప్రయోజనం లేదని ఆయన ఒంటికి అర్థం కావాలని. గీత పైకెక్కి పూర్తిగా నిలబడ్డాకే మీట నొక్కాను. అన్నిటికంటే ముందు, ఏసీ ఆపేసి, ఆ ఖాళీ సెంటర్‌లో గొంతు చించుకుని అరిచాను.

"జోర్ లగాకే!"

ఆయన మొహం మారిపోయింది. "హైసా" అని గొణిగి తన్నాడు. మంచికాలు నూటికి తొంభై ఆరు. దెబ్బకాలు ఎన్నిసార్లు చేసినా డెబ్భై తొమ్మిది దగ్గరే ఆగింది. ఇప్పుడు గీత ముందుగా జారడం లేదు, నిటారుగా నిలబడి ఉంది. నిలబడిన గీత మీదే దెబ్బ పడింది. వాచిన మోకాలు తొడకండకి అడ్డుపడుతుంది, పూర్తిగా పనిచేయనివ్వదు. మనిషి ఎంత కావాలనుకున్నా ఆ మిగిలిన భాగం అతని చేతిలో ఉండదు. ఈ అంకె తక్కువైతే ఆ కాలికి వైద్యం కావాలని అర్థం. మనిషి మనసులో ఏముందో చెప్పే అంకె అది కాదు, ఎప్పుడూ కాలేదు. కొత్త రిపోర్టులో మొదటి వాక్యం నా తప్పు గురించి రాశాను, చివరి వాక్యం ఇది రాశాను.

శనివారం బాబాయిని తీసుకుని హథ్‌ఖోజ్ వెళ్లాను. యజమాని ఆఫీసు రేకుల షెడ్డులో ఒక మూల అద్దాల గది. ఆయన కూర్చోమనలేదు. "అమ్మా, మీ బాబాయని జాలి పడతన్నావు. బావుంది. గానీ మిషను సెప్పీసింది గదా" అన్నాడు. బయట గ్రైండర్ ఆపి ఇద్దరు ముగ్గురు గుమ్మం దగ్గరికి వచ్చారు.

నేను వాదించలేదు. సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. పేర్ల చోట తెల్ల కాగితం అతికించాను. రెండూ లెక్కపెట్టి కరెంటు ఇచ్చిన కొలతలే, ఒకే కుర్చీ, ఒకే పద్ధతి. ఒకటి అరవై ఒకటి. ఇంకొకటి యాభై నాలుగు.

"ఈ ఇద్దరిలో పనిదొంగ ఎవరో మీరే చెప్పండి. మిషను అబద్ధమాడదన్నారు కదా."

ఆయన కాగితాలు దగ్గరికి లాక్కుని, వేలితో అంకెలు వెతికి, యాభై నాలుగు మీద గోటితో కొట్టాడు.

"సెప్పడానికేటుంది? ఈడే. అరవై ఒకటోడు కొంచెమైనా తన్నాడు. ఈడు పచ్చి కామ్‌చోర్. ఈడు నా దగ్గర పనిచేస్తే ఈ రోజే గేటు బయటికి తోసీవోణ్ణి."

అతికించిన తెల్ల కాగితం పీకి నా పేరు చూపించాను.

ఆయన ఆ పేరు చదివాడు, నన్ను చూశాడు, మళ్లీ పేరు చదివాడు. గుమ్మం దగ్గర ఎవరో ఫక్కుమన్నారు. అప్పుడు మూడో కాగితం ఇచ్చి, అందులో ప్రతి వాక్యం నేనే పైకి చదివాను, నా తప్పుతో సహా, మొన్న పదిమంది ముందు ఆయన చదివినంత గట్టిగా. చదవడం పూర్తయ్యాక ఆయన డ్రాయరు లాగి గేట్ పాస్ తీశాడు. నా చేతికివ్వబోయాడు. నాకు కాదు, ఆయనకివ్వండి అన్నాను. యజమాని లేచి వెళ్లి బాబాయి చేతిలో పెట్టక తప్పింది కాదు. మోకాలు కుదుటపడేదాకా నిచ్చెన పని వద్దని బాబాయే చెప్పాడు, నేను చెప్పలేదు.

సెంటర్‌లో నన్ను ఇంకో నెల కూడా ఉంచుకోలేదు. ఇప్పుడు ఊళ్లోనే, సుపేలాలో, మందుల దుకాణం మీద నాదే ఒక గది. అలాంటి కుర్చీ కుదిరింది, పాతదే. దాని ఎదురుగోడకి ఆ యాభై నాలుగు కాగితం అతికించి ఉంటుంది, పేరు కనబడేలా. ఎవరో కాంట్రాక్టరు పంపిన చీటీ పట్టుకుని, నటిస్తున్నావన్న మాట అప్పటికే పడి, మొహం చిన్నబుచ్చుకుని వచ్చిన ప్రతివాడూ కూర్చోగానే దాన్నే చదువుతాడు. ఇదెవరని అడుగుతాడు.

నేనే, అంటాను. బెల్టు బిగిస్తాను. ఎప్పుడు కొడుతుందో చెప్పను, నువ్వు మాత్రం వదలకు, అంటాను.